పశువులకు ప్రాణాపాయము: మొదటి గంటలో రైతు చేయదగినదియు, చేయరానిదియు

పైరు ఒక ఏడు చెడినచో మరుసటి ఏడు మరల విత్తవచ్చును. ఇంటికప్పు ఎగిరిపోయినచో మరల కప్పుకొనవచ్చును. కాని పాడిగేదె ఒక్క రాత్రిలో చచ్చినచో, దాని పాలమీద నడచుచున్న సంసారమును, దానిని కొనుటకై సంఘమునుండి తెచ్చిన అప్పు తీర్చు మార్గమును ఒక్కమారే పోవును. అప్పు మాత్రము చావదు. వాయిదానాటికి అది వాకిట నిలుచును. కావున పశువుకు హఠాత్తుగా అపాయము కలిగినప్పుడు ఏమి చేయవలెనో ప్రతి సభ్యుడును ముందుగానే తెలిసికొనియుండుట అవసరము. పశువు నేలబడిన పిమ్మట నేర్చుకొనుటకు వ్యవధి యుండదు.

ఈ పాఠములో చెప్పబోవు ముఖ్యవిషయము ఒక్కటే. అపాయసమయమున రైతు చేయవలసిన పనులు మూడు: గుర్తించుట, మరింత చెడకుండ కాపాడుట, సరియైన వివరములతో వైద్యునికి కబురు చేయుట. ఇవిగాక నాలుగవది చేయబూనుటవలన, అనగా తెలియని మందు పోయుట, వాతలు పెట్టుట, కోయుట, లాగుట మొదలగు వానివలన, బ్రతుకదగిన పశువులు అనేకములు నష్టమగుచున్నవి. ప్రేమచేతనే చేసినను చెరుపు చెరుపే.

1. ఆరోగ్యము తెలిసినవానికే రోగము తెలియును

ప్రతిదినము పాలు పితుకునప్పుడు, మేత వేయునప్పుడు పశువును రెండు నిమిషములు ఊరక చూడుడు. ఆరోగ్యముగల పశువు ముట్టె తడిగా నుండును. కన్నులు తేటగా నుండును. చెవులు ఆడుచుండును. మేత మేసిన పిమ్మట పండుకొని నెమరు వేయును. పేడ మరీ గట్టిగాను, మరీ నీళ్లగాను ఉండదు.

నీడలో విశ్రాంతిగా నున్న పెద్దపశువు నిమిషమునకు సుమారు 15 మొదలు 30 మారులు ఊపిరి తీయును. డొక్క కదలికను లెక్కించిన ఇది తెలియును. ఎడమ డొక్కమీద పిడికిలి ఆనించి నిలుచున్నచో, లోపలి పెద్దపొట్ట రెండు నిమిషములకు రెండు మూడు మారులు చేతిని వెలుపలికి త్రోయును. ఆ కదలిక పూర్తిగా ఆగిపోయినచో జీర్ణము నిలిచినదని గ్రహింపవలెను.

ఆవుకు సహజముగా నుండు వేడి ఫారన్‌హీటు మానమున సుమారు 101 మొదలు 102.5 డిగ్రీల వరకు. గేదెకు ఇంచుక తక్కువగా నుండవచ్చును. గొర్రెలకు, మేకలకు 102 మొదలు 103.5 వరకు ఉండును. థర్మామీటరు మొనకు నూనె రాచి, మలద్వారమున మెల్లగా ప్రక్కగోడకు ఆనునట్లు ఉంచి చూడవలెను. తోక ప్రక్కగా నిలుచుండుడు, వెనుక నిలువవద్దు. వేడి హెచ్చుటయేగాక, మరీ తగ్గుటయు అపాయసూచకమే.

2. తెల్లవారువరకు ఆగరాని గుర్తులు

ఈ క్రింది వానిలో ఏ ఒక్కటి కనబడినను, అర్ధరాత్రియైనను వెంటనే కబురు చేయవలెను:

(అ) ఎడమ డొక్క డోలువలె ఉబ్బి, ఊపిరాడక నాలుక వెలికి చాచుట.
(ఆ) గొంతు వాచి, ఊపిరి తీయునప్పుడు గురక వినబడుట.
(ఇ) ఈనిన రెండు మూడు దినములలో పశువు తూలి పడిపోవుట.
(ఈ) ఈనుటకు గట్టిగా ముక్కుచు, గంటసేపు గడచినను దూడ ముందునకు రాకుండుట, లేక మెయ్య దిగుట.
(ఉ) నోట చొంగ కారుచు ఒడలు వణకుట, లేక మూర్ఛవచ్చి కొట్టుకొనుట.
(ఊ) ఆగని నెత్తురు, విరిగిన ఎముక, పాముకాటు, పిచ్చికుక్కకాటు.
(ఋ) పశువు కారణము తెలియక హఠాత్తుగా చచ్చి, దాని ముక్కు, నోరు, మలద్వారములనుండి నల్లని నెత్తురు కారుట.

3. కడుపుబ్బరము

లేత పిల్లిపెసర, అలసంద, లూసర్ను వంటి కాయజాతి పచ్చిమేతను తడిగానున్నప్పుడు ఆకలిగొన్న పశువు విశేషముగా మేసినచో, పొట్టలో నురుగుతోకూడిన వాయువు పుట్టి వెలికి రాక నిలిచిపోవును. పొట్ట పెరిగి ఊపిరితిత్తులను నొక్కును. చచ్చునది ఊపిరాడకయే. కొన్నిమారులు ఒకటి రెండు గంటలలోనే ప్రాణము పోవును.

వెంటనే మేత తీసివేయుడు. ముందుకాళ్లు ఎత్తున నుండునట్లు గట్టుమీద నిలుపుడు. వేపపుల్ల వంటి లావుపాటి పుల్లను కళ్లెమువలె నోట అడ్డముగా కట్టినచో, అది నమలుచుండగా చొంగ ఊరి వాయువు వెలువడుటకు తోడ్పడును. పశువు నిలుచుండి, చక్కగా మింగుచున్నచో మాత్రము, వేరుసెనగ నూనెగాని నువ్వులనూనెగాని పావులీటరు మొదలు అరలీటరు వరకు కొంచెము కొంచెముగా త్రాగింపవచ్చును. తల పైకెత్తరాదు. నాలుక పట్టి లాగరాదు. దగ్గు వచ్చిన తక్షణమే ఆపవలెను. డొక్కలో గొట్టపుసూది గ్రుచ్చి వాయువు తీయుట వైద్యుని పని. కత్తితో పొడుచువారి మాట వినకుడు.

ఇందులో ఒక భేదము కనిపెట్టవలెను. మామిడిటెంక వంటిది గొంతులో అడ్డుపడినను కడుపు ఉబ్బును. అట్టి పశువు మెడ చాచి, దగ్గుచు, చొంగ కార్చుచు, నీరుకూడ మింగలేక యుండును. దీనికి నూనె పోయరాదు. కఱ్ఱతో లోపలికి త్రోయుటయు కూడదు, గొంతు చినుగును.

పెండ్లిండ్లలో మిగిలిన అన్నము గంపలకొలది పశువులకు పెట్టు అలవాటొకటి గలదు. ధాన్యముగాని, అన్నముగాని విశేషముగా తిన్న పశువు కడుపులో పులుపు పుట్టి, అది నెత్తురులోనికి చేరును. తిన్న కొన్ని గంటలవరకు పశువు బాగుగనే కనబడవచ్చును. మరునాటికి మేత మాని, తూలి, పడిపోవును. తిన్న సంగతి తెలిసిన వెంటనే, జబ్బు కనబడకపోయినను, వైద్యునికి తెలుపవలెను.

4. జొన్ననాము విషము

మెట్టప్రాంతపు రైతులకు ఇది తెలిసినదే. లేతజొన్న, వానలు లేక గిడసబారిన జొన్న, కోసిన పిమ్మట మోళ్లనుండి వచ్చిన పిలకలు, వీనిలో సయనైడు అను తీవ్రవిషము పుట్టు గుణము గలదు. పశువు మేసిన కొద్ది నిమిషములలోనే ఎగరొప్పు, వణకు, తూలుట కనబడును. కనురెప్పలోపలి చర్మము మొదట మిక్కిలి ఎఱ్ఱగా నుండును. అనేకమారులు గంటలోపలనే చచ్చును.

పశువులను చేనినుండి మెల్లగా మళ్లించుడు. కొట్టి పరుగెత్తించినచో ఉన్న ప్రాణవాయువు కాస్త వ్యయమైపోవును. సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు అను మందులను వైద్యుడు నరములోనికి ఎక్కించినచో, సకాలమున అందినవి కోలుకొనగలవు. ఫోనులో "నాము మేసినది" అను రెండు మాటలు చెప్పినచో ఆయన మందుతోనే బయలుదేరును. వీనికంటె నివారణ సులువు. జొన్న పూతకు రాకముందు మేపవద్దు. బెట్టకు వాడిన చేనిలోనికి పశువును తోలవద్దు.

5. పాలజ్వరము

పేరు జ్వరమేగాని ఇందులో జ్వరము లేదు. విస్తారముగా పాలిచ్చు పశువు, సాధారణముగా మూడవ ఈత మొదలుకొని, ఈనిన మూడు దినములలోపల దీనికి లోనగును. ఒక్కమారుగా పాలలోనికి సున్నపుధాతువు, అనగా కాల్షియము, పోవుటచే నెత్తురులో దానికి కొఱత కలుగును. కండరములు పట్టుదప్పును. పశువు తూలి పడి, మెడ డొక్కవైపునకు త్రిప్పుకొని మగతగా నుండును. చెవులు చల్లబడును.

ఈ వ్యాధిలో మ్రింగుశక్తి తగ్గును. నోట పోసినది కడుపులోనికి పోక గాలిగొట్టమున దిగి ఊపిరితిత్తులను చెఱచును. ఇందుకు నేను చూచిన సంగతి యొకటి వ్రాయుచున్నాను. ఒక గ్రామములో ముర్రాగేదె యొకటి ఈనిన మరునాటిరాత్రి ఇట్లే పడిపోయెను. ఇంటి మగవాడు ఊర లేడు. ఇరుగుపొరుగువారు చేరి శొంఠికషాయము కాచి, వెదురుగొట్టము సిద్ధపరచిరి. ఇంటి ఇల్లాలు గేదె చెవులు తాకి చూచి, గొట్టము పట్టుకొనిన పెద్దాయనతో, "బావగారూ, మీరు మా మేలు కోరియే వచ్చితిరి. కాని నిరుడు మన వీథిలోనే పడిన గేదెకు మందు పోసితిరి గదా. అది లేచి నిలిచినది, అయిదవనాడు రొప్పి రొప్పి చచ్చినది. మ్రింగలేనిదానికి పోయవద్దు. దీనిని పడకుండ నిలుపుటకు సాయము పట్టుడు" అని చెప్పెను. పెద్దాయన కొంతసేపు ఊరకుండి, గొట్టము ప్రక్కన పెట్టి, తానే గడ్డిమోపులు మోసికొనివచ్చెను. వారు గేదెను రొమ్ము ఆనించి కూర్చుండబెట్టి, ఇరుప్రక్కల గడ్డి దట్టించి, తల ఎత్తున నుంచి, రాత్రియంతయు కాచిరి. వేకువను వైద్యుడు వచ్చి కాల్షియము మందును నరములోనికి మెల్లమెల్లగా ఎక్కించెను. ప్రొద్దెక్కకమునుపే గేదె లేచెను.

ఆమె చేసినది వైద్యము కాదు. వైద్యునకు బ్రతికియున్న పశువును అప్పగించుట మాత్రమే చేసినది. మనము చేయవలసినదియు అంతియే.

6. ఈనుటలో చిక్కులు

సరిగా వచ్చు దూడకు ముందుకాళ్లు రెండును, వానిపై ముట్టెయు మొదట కనబడును. ఒకే కాలు కనబడినను, తోక కనబడినను, తల కనబడి కాళ్లు లేకున్నను వైద్యుని పిలువుడు. నలుగురు మగవారు త్రాడుకట్టి లాగుటవలన దూడయు, తల్లియు చెడును.

మెయ్య దిగినచో పశువును నడిపింపరాదు. దిగిన భాగమును చల్లని శుభ్రమైన నీటితో కడిగి, తడిసిన శుభ్రమైన వస్త్రముతో కప్పి, నేలకు తగులకుండ ఎత్తిపట్టుడు. కాకులను, కుక్కలను దరిచేరనీయకుడు. మాయ సాధారణముగా 8 మొదలు 12 గంటలలో పడును. పడలేదని చేయిపెట్టి లాగుటగాని, దానికి రాయి కట్టుటగాని చేయరాదు.

7. విషములు, కాటులు, గాయములు

పురుగుమందు తగిలిన పశువుకు చొంగ, కన్నీరు, వణకు, విరేచనము కలుగును. కంటిపాప చిన్నదగును. మందు ఒంటిమీద పడినచో సబ్బునీటితో బాగుగ కడుగుడు. కడుగువారు చేతులకు తొడుగు వేసికొనవలెను. మందుడబ్బాను పారవేయక వైద్యునకు చూపుడు. డబ్బామీది పేరునుబట్టియే విరుగుడు నిర్ణయింపబడును.

పాముకాటున కోయుట, పీల్చుట, బిగించి కట్టుట పనికిరావు. పశువును నడిపింపక, కదలకుండ ఉంచి, విషవిరుగుడు సూదిమందు వేయింపవలెను.

కుక్క కరచినచో, అది పిచ్చిదో కాదో అని కాలము పుచ్చవద్దు. గాయమును సబ్బుతో, ధారగా నీరు పోయుచు 15 నిమిషములు కడిగి, ఆనాడే టీకా మొదలుపెట్టింపవలెను. కొన్ని వారములు గడచిన పిమ్మట పశువు వింతగా అరచుచు, చొంగ కార్చుచు, మ్రింగలేక యున్నచో, గొంతులో ఏదో అడ్డుపడినదని చేయి పెట్టకుడు. ఆ చొంగ మనుష్యులకును ప్రాణాపాయకరము. గాయమునకు చొంగ తగిలినవారు అట్లే కడిగికొని వెంటనే ఆసుపత్రికి పోవలెను. జబ్బు బయటపడిన పిమ్మట పశువునకుగాని మనుష్యునకుగాని దాదాపు మందు లేదు.

నెత్తురు కారుచున్న గాయమును శుభ్రమైన గుడ్డతో గట్టిగా 10 నిమిషములు విడువక అదిమిపట్టుడు. మధ్య మధ్య తీసి చూడకుడు. కారము, పేడ, మట్టి అద్దరాదు. కరెంటుతీగ తగిలిన పశువును, కరెంటు ఆపకముందు ఎవరును ముట్టరాదు. పశువును విడిపింపబోయి రైతే చనిపోవుట ఎన్నోచోట్ల జరిగినది.

8. వానకాలపు తెగుళ్లు, దొమ్మరోగము

తొలకరి పిమ్మట గేదెలకు గొంతువాపు వచ్చును. తీవ్రమైన జ్వరము, గొంతువాపు, గురక ఇందలి గుర్తులు. ఒక దినములోపలనే చచ్చుట కలదు. జబ్బవాపు సాధారణముగా ఆరునెలలు మొదలు రెండేండ్ల వయస్సుగల పుష్టియైన పశువులకు వచ్చును. తొడగాని, జబ్బగాని వాచి, అదిమిన చిటపటలాడును. రెంటికిని మొదటి గంటలలోనే మందు ఫలించును. రెంటికిని వానలకు ముందు టీకా గలదు.

టీకావలన ఏమగునని అడుగువారికి ఒక్క ఉదాహరణము చాలును. మన తాతల కాలమున ఊళ్లకు ఊళ్లను పశుశూన్యము చేసిన రిండర్‌పెస్టు అను పెద్దరోగము, ఏండ్ల తరబడి పట్టుదలతో టీకాలు వేయుటచే, లోకమునుండియే తొలగినదని 2011 సంవత్సరమున ప్రకటింపబడెను. నేటి పిల్లలకు ఆ రోగము పేరైనను తెలియదు.

హఠాత్తుగా చచ్చి, నల్లని గడ్డకట్టని నెత్తురు కార్చిన పశువును దొమ్మరోగముచే చచ్చినదిగా ఎంచవలెను. దానిని కోయరాదు, చర్మము ఒలువరాదు, మాంసము తినరాదు, ఈడ్చుకొని పోరాదు. కోసినచో రోగబీజములు గాలి తగిలి గట్టిపడి, ఆ నేలలో ఏండ్లకొలది నిలుచును. మనుష్యులకును సోకును. పశువైద్యశాలకు తెలిపి, వారు చెప్పినట్లు ఆరడుగుల లోతున సున్నము చల్లి పూడ్చవలెను.

9. వైద్యునికి ఏమి చెప్పవలెను?

రెండు తెలుగు రాష్ట్రములలోను 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనమునకు కబురు చేరును. దగ్గరి పశువైద్యశాల సంఖ్యకూడ కొట్టపు గోడమీద వ్రాసికొనుడు. "పశువుకు బాగాలేదు, త్వరగా రండి" అనుటవలన ప్రయోజనము కొంచెము. ఈ విషయములు వరుసగా చెప్పవలెను: ఏ పశువు, ఎన్నవ ఈత, చూడిదా, ఈనినదా, ఎప్పటినుండి జబ్బు, ఏమి మేసినది, నిలుచున్నదా, పడినదా, వేడి ఎంత, ఉబ్బు, వాపు, నెత్తురు ఎచ్చట, ఇంతవరకు ఏమైన మందు ఇచ్చితిరా. చివరి ప్రశ్నకు నిజమే చెప్పవలెను. నాటుమందు పోసి, సిగ్గుచే దాచినచో, వైద్యుడిచ్చు మందు దానితో చేరి చెడుపు చేయవచ్చును.

10. సంఘము చేయదగినది

ఒక్కొక్క రైతు అన్నియు సమకూర్చుకొనుట కష్టము. సంఘమునకది కష్టము కాదు. సంఘపు ఇంట ఒక పెట్టెలో థర్మామీటరు, సబ్బు, శుభ్రమైన గుడ్డలు, చేతితొడుగులు, మెత్తని పగ్గము, టార్చిలైటు, లీటరు మంచినూనె ఉంచుడు. తాళపుచెవి రాత్రివేళ దొరకునట్లు దగ్గరి సభ్యునికి అప్పగించుడు. తొలకరికి ముందు ఒకనాడు ఊరి పశువులన్నిటిని ఒకచోట చేర్చి టీకాలు వేయింపుడు. భీమా చేసిన పశువు చెవిబిళ్ల ఊడినచో వెంటనే మరల వేయింపుడు. బిళ్ల లేనిచో నష్టపరిహారమునకు చిక్కు కలుగును.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మీ పశువు నిమిషమునకు ఎన్నిమారులు ఊపిరి తీయును? నేడే లెక్కించి వచ్చి చెప్పుడు.
2. కడుపుబ్బిన రెండు పశువులలో ఒకదానికి నూనె పోయవచ్చును, రెండవదానికి పోయరాదు. ఎట్లు గుర్తింతురు?
3. ఈనిన పశువు పడిపోయి చెవులు చల్లబడినచో, నోట ఏమియు ఎందుకు పోయరాదు?
4. అర్ధరాత్రి మీ ఇంట మగవారు లేనిచో, వైద్యునికి ఎవరు ఫోను చేయుదురు? వారికి ఈ పాఠము చదివి వినిపించితిరా?

నాలుగవ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది. కొట్టములో ఎక్కువ ప్రొద్దు గడపువారు ఆడువారును, పిల్లలును. పశువు మేత మానినదని మొదట కనిపెట్టువారును వారే. కావున ఈ పత్రికను అటకమీద పెట్టక, ఈ రాత్రియే ఇంట చదివి వినిపింపుడు.